రెసిస్టర్‌ని చెడ్డ రోజు కోసం ఎంచుకోవాలి

మా మామ జీపులో డీజిల్ ముల్లు ఇంకా 'ఈ' గీతకి పైనే ఉంది. జీపు మాత్రం దగదర్తి దాపుల హైవే పక్కన ఆగిపోయింది. మే నెల, పదిన్నర ఎండ. వెనక సీట్లో మా అవ్వ, కంటి ఆపరేషన్ అయి వారం. నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని, కొంగు అడ్డం పెట్టుకుని కూర్చుంది. లారీ పోయినప్పుడల్లా దుమ్ము మొత్తం మా మీదే. నెల్లూరులో డాక్టరు పదకొండింటికి రమ్మన్నాడు.

మామ బానెట్ ఎత్తి చూశాడు, దించాడు. మళ్ళీ లోపలికొచ్చి మీటర్ వైపు చూశాడు. "ఏందిరా అబ్బయా, ముల్లు ఇంకా ఉండాది గదా" అన్నాడు. తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. ఎందుకంటే ఆ మీటర్ వెనకాల రెసిస్టర్ పెట్టింది నేనే. నెల క్రితం పెట్టి, వాట్సాప్ స్టేటస్ కూడా పెట్టుకున్నాను.

ఫ్రెండ్స్, ఈసారి మన మ్యాగజైన్‌కి కవిత రాద్దామనుకున్నా, రాలేదు. కాబట్టి ఈ రెసిస్టర్ గురించి రాస్తున్నాను. నేను ఎల్‌కేజీ నుంచి ఇంగ్లిష్ మీడియమే, తెలుగులో తప్పులుంటే సర్దుకోండి. చెప్పదలుచుకున్నది ఒక్కటే. రెసిస్టర్‌ని మంచి రోజుకి సరిపోయేలా ఎంచుకుంటే అది సరైన రెసిస్టర్ కాదు. చెడ్డ రోజున ఏం చేస్తుందో చూసి ఎంచుకోవాలి. ఈ మాట నేను రెండుసార్లు తప్పు చేశాక నేర్చుకున్నాను.

మొదటి తప్పు చిన్నది. మామది పాత డీజిల్ జీపు. చేలకీ, రొయ్యల గుంటల దగ్గరికీ, పెళ్ళిళ్ళకీ అన్నిటికీ అదే. మీటర్లో దీపం మాడిపోయింది, రాత్రిపూట ఏమీ కనపడదు. "ఇంజనీరింగ్ చదవతా ఉండావు గదా, చూడు" అన్నాడు. చదివేది సీఎస్‌ఈ అని చెప్పినా ఆయనకి తేడా లేదు. నేను తెల్ల ఎల్‌ఈడీ ఒకటి కొన్నాను. ఎల్‌ఈడీని నేరుగా బ్యాటరీకి కలిపితే కాలిపోతుంది, వరసలో ఒక రెసిస్టర్ పెట్టాలి. ఇంతవరకు అందరికీ తెలుసు.

లెక్క కూడా అందరికీ తెలుసు. బ్యాటరీ 12 వోల్టులు. తెల్ల ఎల్‌ఈడీ సుమారు 3.2 వోల్టులు తీసుకుంటుంది. మిగిలింది 8.8. కరెంటు 20 మిల్లీయాంపులు కావాలి. 8.8ని 0.02తో భాగిస్తే 440 ఓమ్‌లు. షాపులో 440 దొరకదు. మామూలుగా అమ్మే రెసిస్టర్లు 10, 12, 15, 18, 22, 27, 33, 39, 47, 56, 68, 82 అనే వరసలోనే ఉంటాయి, వాటికి పక్కన సున్నాలు చేర్చుకోవడమే. 440 దగ్గరలో పైన 470 ఉంది. పసుపు, ఊదా, గోధుమ రంగు గీతలు. పావు వాటుది. తెచ్చి అతికించి, టేపు చుట్టి పెట్టేశాను. దీపం తెల్లగా, సినిమా హాలు లాగా వెలిగింది.

పది రోజులకి మీటర్ డబ్బాలోంచి ఒకలాంటి వాసన. మామ జీపుని కావలిలో ట్రంకు రోడ్డు మీదున్న ఎలక్ట్రీషియన్ దగ్గరికి తీసుకుపోయాడు. వెనకాల నేను. ఆ అన్న మీటర్ ఊడదీశాడు. నేను చుట్టిన టేపు బంక కరిగి జారుతోంది. ఇంజన్ ఆడుతుండగానే రెసిస్టర్ మీద వేలు పెట్టి చటుక్కున తీసేశాడు. "ఎన్ని వోల్టులకి లెక్కేసినావబ్బయా?"

"12 అన్నా."

ఏమీ మాట్లాడకుండా మీటర్ తీసి బ్యాటరీకి పెట్టాడు. 14.3.

అప్పుడు వెలిగింది నాకు. కారు బ్యాటరీ అంటే 12 అనేది ఒక పేరు మాత్రమే. ఆరు సెల్స్ నిండుగా ఛార్జ్ అయి, ఇంజన్ ఆగి ఉన్నప్పుడు 12.6 దాకా ఉంటుంది. ఇంజన్ తిరుగుతున్నప్పుడు, మెకానిక్కులు డైనమో అనే ఆల్టర్నేటర్ దాన్ని ఛార్జ్ చేయాలి కాబట్టి, 13.8 నుంచి 14.4 దాకా పోతుంది. సెల్ఫ్ కొట్టేటప్పుడు 10 దాకా పడిపోవచ్చు. బండి నడిచేటప్పుడు ఎక్కడా 12 ఉండదు. నా పుస్తకంలో తప్ప.

ఇప్పుడు లెక్క మళ్ళీ చూడండి. 14.4 లోంచి 3.2 పోతే 11.2. నా 470 ఓమ్‌లతో భాగిస్తే దాదాపు 24 మిల్లీయాంపులు. ఎల్‌ఈడీకి కాస్త ఎక్కువ, అయినా వెంటనే చావదు. అసలు సమస్య రెసిస్టర్‌కి. 11.2ని 0.024తో గుణిస్తే 0.27 వాటు. నేను పెట్టింది 0.25 వాటుది. అంటే కొన్న రోజు నుంచే దాని శక్తికి మించి మోయిస్తున్నాను. పైగా ఆ రెసిస్టర్ మీద రాసిన వాటేజీ సాధారణంగా 70 డిగ్రీల వేడి దాకానే చెల్లుతుంది, అది దాటితే తగ్గించుకుని వాడాలి. మే నెలలో ఎండలో నిలబెట్టిన బండి డాష్‌బోర్డు మీద చెయ్యి పెట్టి చూడండి. ఆ లోపల మూసిన డబ్బాలో, టేపు దుప్పటి కప్పుకుని నా పావు వాటు రెసిస్టర్ కూర్చుంది.

సరైన విలువ ఏంటి? 14.4కే లెక్కేయాలి. 11.2ని 0.02తో భాగిస్తే సరిగ్గా 560. అదృష్టం కొద్దీ అది షాపు వరసలోనే ఉంది. ఆకుపచ్చ, నీలం, గోధుమ. వాటేజీ 0.22 వస్తుంది, కాబట్టి అర వాటుది తీసుకోవాలి. ఆ అన్న ఇంకా పైకి పోయి 1000 ఓమ్‌లది వేశాడు. "దీపం కనపడితే చాలు గదా, ఎలగాల్సిన పన్లేదు" అన్నాడు. నిజమే, 11 మిల్లీయాంపులకే మీటర్ హాయిగా కనిపిస్తుంది. రాత్రిపూట కళ్ళకి కూడా అదే మంచిది.

ఓమ్ అనే పెద్దాయన కథ తర్వాత చదివితే నాకు నవ్వొచ్చింది. జార్జ్ ఓమ్ కొలోన్‌లో బడిపంతులుగా ఉంటూ ఈ ప్రయోగాలు చేశాడు. మొదట్లో ఆయన కూడా బ్యాటరీతోనే మొదలుపెట్టాడు. ఆ రోజుల్లో బ్యాటరీ వోల్టేజీ నిలకడగా ఉండేది కాదు, కొలుస్తుండగానే పడిపోయేది. దాంతో లెక్కలు కుదరలేదు. పోగెన్‌డార్ఫ్ అనే ఆయన సలహా మీద బ్యాటరీని పక్కన పెట్టి, బిస్మత్, రాగి కడ్డీలు కలిపిన థర్మోకపుల్ తీసుకున్నాడు. ఒక కొస మరిగే నీళ్ళలో, ఇంకో కొస మంచులో. వోల్టేజీ కదలకుండా నిలబడింది, సూత్రం దొరికింది. 1827లో పుస్తకం వేశాడు. సొంత దేశంలో ముందు పెద్దగా పట్టించుకోలేదు. లండన్ రాయల్ సొసైటీ 1841లో కోప్లే పతకం ఇచ్చింది. అంటే వోల్టేజీ నిలవకపోతే లెక్క నిలవదని ఓమ్‌కి ముందే తెలుసు. దాన్ని నిలబెట్టడానికి ఆయన అంత కష్టపడ్డాడు. మనం సూత్రం మాత్రం తీసుకుని ఆ కష్టాన్ని పుస్తకంలోనే వదిలేశాం.

ఇంక రెండో తప్పు. అవ్వని రోడ్డు మీద కూర్చోబెట్టిన తప్పు ఇదే.

దీపం సంగతి తేలిన కొన్నాళ్ళకి డీజిల్ మీటరే పోయింది. ముల్లు కదలడం మానేసింది. మామ ఎవరి బండిలోనో గుండ్రటి కొత్త మీటర్ చూసి, అలాంటిదే ఆన్‌లైన్లో తెప్పించమన్నాడు. తెప్పించాను. వచ్చాక తెలిసింది, అన్ని మీటర్లు ఒకటి కావని.

డీజిల్ ట్యాంకులో ఒక ఫ్లోటు ఉంటుంది, నీళ్ళ ట్యాంకులో బంతిలాగా. దానికి ఒక చెయ్యి. ఆ చెయ్యి ఒక రెసిస్టెన్స్ పట్టీ మీద రుద్దుకుంటూ పైకీ కిందికీ జరుగుతుంది. మీటర్ ఆ రెసిస్టెన్స్‌ని చూసి ముల్లుని తిప్పుతుంది. చిక్కెక్కడంటే, దేశానికొక పద్ధతి. యూరప్‌లో ఎక్కువగా వాడే రకంలో ఖాళీ ట్యాంకు 10 ఓమ్‌లు, నిండు ట్యాంకు 180. అమెరికాలో ఒక రకం సున్నా నుంచి 90. ఇంకో రకం తలకిందులు, ఖాళీకి 240, నిండుకి 33. జపాన్ బండ్లలో కూడా తలకిందులే, ఖాళీకి సుమారు 110, నిండుకి మూడు నాలుగు ఓమ్‌లు.

మామ జీపు ట్యాంకులో ఉన్నది 10 నుంచి 180 రకం. నేను తెప్పించిన మీటర్ సున్నా నుంచి 90 రకం. కలిపి చూస్తే ట్యాంకు సగం అయ్యేదాకా ముల్లు 'ఎఫ్' దగ్గరే అతుక్కుని ఉంటోంది. వాపస్ ఇచ్చే గడువు అయిపోయింది. కానీ నాకు సూత్రం తెలుసు కదా! నిండు ట్యాంకు 180. దానికి పక్కన ఇంకో 180 కలిపితే, రెండు సమానమైనవి ప్యారలల్‌లో ఉంటే సగం అవుతుంది, 90. మీటర్‌కి కావాల్సింది కూడా 90. పైగా 180 షాపు వరసలో ఉన్న నంబరే. దేవుడు నాకోసమే పెట్టాడనుకున్నాను. మీటర్ వెనక రెసిస్టర్ అతికించి, బంకుకి పోయి ట్యాంకు నింపించాను. ముల్లు సరిగ్గా 'ఎఫ్' గీత మీద నిలబడింది. మామ భుజం తట్టాడు. స్టేటస్ పెట్టింది అప్పుడే.

ఇక్కడే చూడండి, నేను పరీక్ష చేసింది నిండు ట్యాంకుతో మాత్రమే. కోడ్ రాసేటప్పుడు ఎడ్జ్ కేసులు చూడాలని రోజూ చదివే నేను, ఒక అంచు మాత్రం చూసి వదిలేశాను. అది కూడా ఎవరికీ ప్రమాదం లేని అంచు.

రెండో అంచు లెక్క తర్వాత వేశాను. ట్యాంకు సగం ఉంటే ఫ్లోటు 95 ఓమ్‌లు ఇస్తుంది. పక్కన నా 180 ఉంది కాబట్టి మీటర్‌కి కనపడేది 62. 90లో 62 అంటే దాదాపు 70 శాతం. సగం డీజిల్‌కి ముల్లు డెబ్బై చూపిస్తోంది. పావు ట్యాంకుకి 52 ఓమ్‌లు, మీటర్‌కి కనపడేది 40, ముల్లు చూపేది 45 శాతం. పూర్తిగా అయిపోయినప్పుడు 10 ఓమ్‌లు, కనపడేది తొమ్మిదిన్నర, ముల్లు ఇంకా పదో వంతు పైన. పైన నిజం, మధ్యలో తియ్యటి అబద్ధం, కింద ప్రమాదం.

ఆ రోజు ఏం జరిగిందో ఈ లెక్కతో సరిగ్గా చెప్పొచ్చు. బయల్దేరేటప్పుడు ముల్లు పావుకి కాస్త కింద, 20 శాతం దగ్గర ఉంది. 60 లీటర్ల ట్యాంకు కాబట్టి 12 లీటర్లు ఉందని మామ అనుకున్నాడు. కావలి నుంచి నెల్లూరు యాభై కిలోమీటర్ల పైచిలుకు, జీపు లీటరుకి పది ఇస్తుంది, పోయి నెల్లూరులో కొట్టిద్దాం అన్నాడు. ఆయన లెక్కలో తప్పేమీ లేదు. మీటర్ 20 శాతం చూపిస్తే ట్యాంకులో నిజంగా ఉండేది 6 శాతం. మూడున్నర లీటర్లు. 35 కిలోమీటర్లు.

డీజిల్ బండి ఆగితే డీజిల్ పోస్తే కదలదని కూడా ఆ రోజే తెలిసింది. పైపుల్లో గాలి పట్టేస్తుంది. మామ ఒక బైకు ఆపి, బంకు దాకా పోయి క్యానుతో ఐదు లీటర్లు తెచ్చాడు. తర్వాత ఫిల్టర్ మీద స్క్రూ వదులు చేసి, హ్యాండ్ పంపు కొడుతూ, బుడగలు పోయి డీజిల్ సన్నగా కారేదాకా నిలబడ్డాడు. నేను అవ్వని వేప చెట్టు నీడకి తీసుకుపోయి కూర్చోబెట్టాను. నెల్లూరు చేరేసరికి ఒంటిగంట. డాక్టరు వెళ్ళిపోయాడు, సాయంత్రం దాకా కూర్చున్నాం. కంటికి ఏమీ కాలేదు. కానీ కాకపోవడంలో నా గొప్పేమీ లేదు.

మర్నాడు మామకి ఎందుకిలా అయిందో చెప్పాల్సి వచ్చింది. ఇది మన క్లబ్బుకి సంబంధించిన విషయం కాబట్టి కాస్త వివరంగా రాస్తాను. నాకు ప్యారలల్ రెసిస్టెన్స్ ఇంగ్లిష్‌లో వచ్చు. ఒకటి బై ఆర్ వన్ ప్లస్ ఒకటి బై ఆర్ టూ. పరీక్షలో పదికి పది. మామ ముందు కూర్చుని అది చెప్తుంటే, నాకే అర్థం కానిది చెప్తున్నట్టు అనిపించింది. చివరికి కావలి కాలువ పట్టుకున్నాను.

"మామా, కాలవకి ఒక తూము ఉందనుకో. డీజిల్ నిండుగా ఉంటే ఆ తూము బాగా మూసుకుని ఉంటది. డీజిల్ అయిపొయ్యేకొద్దీ తెరుచుకుంటా పోతది. అట్టా ఎన్ని నీళ్ళు పోతా ఉండాయో చూసి మీటర్ ముల్లు తిప్పతది. ఇప్పుడు నేను ఏం చేశానంటే, ఆ తూము పక్కన ఎప్పుడూ ఒకే కొలత తెరిచి ఉండే ఇంకో చిన్న తూము పెట్టాను."

మామ ఒక్క నిమిషం ఆలోచించాడు. "అంటే పెద్ద తూము మూసుకుని ఉండేటప్పుడే నీ చిన్న తూము నీళ్ళు తెలస్తాయి. పెద్దది బార్లా తెరిస్తే నీది ఉన్నా ఒకటే, ల్యాకపోయినా ఒకటే."

అంతే. నేను రెండు రోజులు పేపర్ మీద లెక్కలేసి తెలుసుకున్నది ఆయన ఒక్క మాటలో చెప్పేశాడు. పక్కన పెట్టిన రెసిస్టర్ నిండు ట్యాంకు దగ్గరే పనిచేస్తుంది. ఖాళీ దగ్గర అది ఉన్నా లేనట్టే. మనకి నిజం కావాల్సింది ఖాళీ దగ్గర. అంటే నేను మందు రాసింది నొప్పి లేని చోట.

ఎలక్ట్రీషియన్ అన్న దగ్గరికి మళ్ళీ పోయాం. ఆయన రెసిస్టర్ వైపు చూడనే లేదు. ముందు ట్యాంకు దగ్గర ఎర్త్ తీగ విప్పి, ఎమరీ పేపర్‌తో రుద్దాడు. పచ్చగా, తెల్లగా బూజు పట్టినట్టుంది. తుమ్మలపెంట వైపు నుంచి వచ్చే ఉప్పుగాలికి మా ఊళ్ళో ఏ ఇనుమూ ఎక్కువ రోజులు ఆగదు. ఎర్త్ సరిగా లేకపోతే అది కూడా ఒక రెసిస్టరే, ఎవరూ ఎంచుకోని రెసిస్టర్. ఈ రకం ట్యాంకులో ఓమ్‌లు పెరిగితే ముల్లు పైకి పోతుంది. అంటే తుప్పు పట్టేకొద్దీ డీజిల్ ఎక్కువ ఉన్నట్టు చూపిస్తుంది. కాబట్టి మీలో ఎవరైనా ఇలాంటి పని మొదలుపెడితే రెసిస్టర్ కొనక ముందు ఎర్త్ రుద్దండి. తీగ విప్పి, మల్టీమీటర్‌తో ఖాళీ దగ్గర ఒకసారి, నిండు దగ్గర ఒకసారి, మధ్యలో ఒకసారి ఓమ్‌లు కొలిచి రాసుకోండి. రెసిస్టర్ అతికించేది మీటర్ వెనకాలే, ట్యాంకు దగ్గర కాదు. ఆవిరి ఉన్న చోట సాల్డరింగ్ ఐరన్ పెట్టడం కంటే బుద్ధి తక్కువ పని లేదు.

తర్వాత విలువ గురించి వాదన జరిగింది. 180 బదులు 82 పెడితే? నిండు ట్యాంకుకి ముల్లు 63 శాతం దగ్గరే ఆగుతుంది. సగానికి మాత్రం దాదాపు సగం చూపిస్తుంది. పావుకి 36. 47 పెడితే పావు దగ్గర 28, దాదాపు నిజం. కానీ నిండు ట్యాంకు 41 దగ్గర ఆగిపోతుంది. మామ ఒప్పుకోలేదు. "ట్యాంకు నింపినా సగం కూడా రాకపోతే బంకులో వాడితో రోజూ గొడవే నాకు" అన్నాడు. అది కూడా నిజమే. మరీ తక్కువ చూపే ముల్లుని మనుషులు నమ్మరు. "మా బండి ముల్లు పడినా ఇంకా ఇరవై కిలోమీటర్లు పోతది" అనే వాళ్ళు ప్రతి ఊళ్ళో ఉన్నారు. వాళ్ళని అలా తయారుచేసింది అతి జాగ్రత్త ముల్లే. అందుకని 82 పెట్టి, అద్దం మీద నిజమైన ఖాళీ ఎక్కడో అక్కడ ఎర్ర నెయిల్ పాలిష్‌తో చుక్క పెట్టాం. అత్తది అడిగాం. ముల్లు ఎప్పుడూ 'ఎఫ్' దాకా పోదు, చూడ్డానికి బాగోదు. కానీ మోసం చేయదు.

ఇప్పుడు మన వాళ్ళు ఏమంటారో నాకు తెలుసు, గ్రూపులో అనేశారు కూడా. "ఇంత ఎందుకు రా, ఒక ఆర్డుయినో పెట్టి, ఓమ్‌లకి లీటర్లకి టేబుల్ రాసేయ్, అయిపోతుంది." అవుతుంది. తలకిందుల రకాలు కలపాలంటే అదే దారి, ఏ ఒక్క రెసిస్టరూ దిశ మార్చలేదు. కానీ ఆ టేబుల్‌లో ఖాళీ దగ్గర నంబరు ఎవరు కొలుస్తారు? నాలాంటి వాడు నిండు ట్యాంకు కొలిచి మిగతావి గీత గీసి నింపేస్తే, అదే అబద్ధం ఈసారి డిజిటల్‌లో, రెండు దశాంశాలతో వస్తుంది.

ఇంకో ప్రశ్న వేసుకోండి. తీగ తెగిపోతే ముల్లు ఎటు పోవాలి? తీగ తెగితే రెసిస్టెన్స్ అనంతం. జపాన్ రకంలో ఎక్కువ ఓమ్‌లు అంటే ఖాళీ, కాబట్టి తీగ తెగితే ముల్లు కిందపడుతుంది. డ్రైవర్ భయపడి బంకుకి పోతాడు, అంతే నష్టం. మామ జీపు రకంలో ఎక్కువ ఓమ్‌లు అంటే నిండు. నా 180 ఉండగా తీగ తెగి ఉంటే, మీటర్‌కి ఆ 180 మాత్రమే కనపడి, ముల్లు 'ఎఫ్' దాటి కూర్చునేది. చెడిపోయినప్పుడు ఏం చెప్పాలి అనేది కూడా డిజైనే. ఇది రెసిస్టర్‌కి ఎంత నిజమో, రేపు మనం రాసే కోడ్‌కీ అంతే నిజం. సెన్సార్ నుంచి డేటా రాకపోతే పాత విలువే చూపించి అంతా బాగుందనే యాప్, నా 180కి తమ్ముడు.

మన ల్యాబ్ గురించి ఒక మాట చెప్పి ముగిస్తాను. ఓమ్ సూత్రం ప్రయోగం అందరం చేశాం. టేబుల్ మీద రెసిస్టర్ ఇస్తారు, కదలని పవర్ సప్లై ఇస్తారు, గీత తిన్నగా రావాలి. తిన్నగా రాకపోతే పక్క బ్యాచ్ రీడింగులు కాపీ కొట్టి తిన్నగా తెస్తాం. అబద్ధం చెప్పడం మీటర్ కంటే ముందు మనమే నేర్చుకుంటున్నాం. ఎవరూ "ఈ పనికి నువ్వే ఒక రెసిస్టర్ ఎంచుకో, ఎందుకు ఎంచుకున్నావో చెప్పు" అని అడగలేదు. పాత సామాను కొట్లో ఒక ఫ్లోటు, ఒక మీటర్ దొరుకుతాయి. ఒక బకెట్ నీళ్ళు చాలు. డీజిల్ అక్కర్లేదు, చెయ్యితో ఫ్లోటు కదిపినా చాలు. సరిపోని జత ఇచ్చి, ఒక గంట టైమిచ్చి, రెసిస్టర్ ఎంచుకోమనండి. మార్కులు 'ఎఫ్' దగ్గర ముల్లు నిలబెట్టినందుకు కాదు, ఖాళీ దగ్గర ఎంత తప్పుందో నిజాయితీగా రాసినందుకు ఇవ్వండి. మా సార్లకి ఇది చెప్పాను, చూద్దామన్నారు. మీరు కూడా అడిగితే తొందరగా చూస్తారు.

పోయిన నెల మామకి సరైన మీటర్ దొరికింది. 10 నుంచి 180 అని వెనకాలే రాసి ఉన్నది. రెసిస్టర్ అవసరమే లేదు. అసలైన జవాబు మొదటి రోజు నుంచీ అదే, జతకి జత కొనడం. ఈసారి బిగించాక నేను బంకుకి పోలేదు. ట్యాంకు దాదాపు ఖాళీ చేసి, క్యానుతో ఐదేసి లీటర్లు పోస్తూ ఒక్కోసారి ముల్లు ఎక్కడుందో పేపర్ మీద రాసుకున్నాను. మామ అరుగు మీద కూర్చుని చూస్తా ఉన్నాడు. అవ్వ బయటికొచ్చి, "ఇప్పుడన్నా నిజం చెప్తదా అది?" అని అడిగింది. ఆ 82 ఓమ్‌ల రెసిస్టర్ ఇప్పుడు నా ఐడీ కార్డు కవర్‌లో ఉంది.